కనుమలో నిలబడినవాడు

నల్లకొండ అడవికి పడమటి వైపు ఒక ఇరుకు కనుమ ఉంది. కొన్నేళ్ల కిందట రేచుకుక్కల మంద ఆ దారిన అడవి మీద పడినప్పుడు, అడ్డం నిలబడిన జంతువుల్లో చాలామంది అక్కడే చచ్చిపోయారు. మిగిలినవాళ్లు బతికున్నారన్న మాటే గాని, అడవిదున్న ఐలయ్యకి వెనక కాలి నరం తెగింది. ఎలుగుబంటి సైదులుకి రెండు కళ్లూ పోయాయి. ఇంకొందరు కుంటివాళ్లతో కలిసి వాళ్లు కొండ ఎండు వాలున ఉండేవారు. ఎండాకాలం వస్తే ఏటిదాకా నడవలేక ఏటా ఒకరిద్దరు రాలిపోయేవారు. దగ్గర్లోనే ఊటబీడు ఉంది. ఏడాది పొడుగునా నీళ్లూ పచ్చగడ్డీ ఉండే చోటు. కానీ అది అడవిపెద్ద చేతిలోది. ఆయన సెలవు లేనిదే అక్కడ ఎవరూ కాలు పెట్టకూడదు.

ఆ ఏడు అడవిపెద్దగా ఉన్న ముసలి ఏనుగు కాలం చేశాడు. కొత్త పెద్దను ఎన్నుకోవాల్సి వచ్చింది. దుప్పి కోదండం పోటీకి దిగాడు. చూడచక్కని కొమ్ములు, ఎవరినైనా ఆకట్టుకునే మాట. తాను కనుమ యుద్ధంలో పోరాడిన సైనికుణ్ణని, గెలిస్తే తనతో పాటు పోరాడి గాయపడ్డవాళ్లందరికీ ఊటబీడు రాసిస్తానని మందమందకీ తిరిగి చెప్పాడు. ఎదురు నిలబడిన కొండముచ్చు ఒకటే అడిగాడు, అంత యుద్ధం చేసినవాడి ఒంటి మీద ఒక్క గాటైనా లేదేమని.

కోదండం యుద్ధానికి వెళ్లిన మాట నిజమే. కుక్కలు కనబడగానే కాపలా చోటు వదిలేసి కొండెక్కి పారిపోయిన మాటా నిజమే. అతను వదిలిన చోట అడవిపంది బుచ్చన్న వచ్చి నిలబడ్డాడు. కుక్కలు వెనక్కి తిరిగేదాకా కదల్లేదు. అక్కడే ప్రాణం వదిలాడు. అదంతా కళ్లారా చూసి బతికున్నది ఐలయ్య ఒక్కడే. సైదులు కళ్లు అప్పటికే పోయాయి.

కోదండం తరఫున పనులు చక్కబెట్టే నక్క గుర్నాథం ఐలయ్యని వెతుక్కుంటూ వచ్చాడు. కాలు చూసి నొచ్చుకున్నాడు, నీళ్లకి పడుతున్న అవస్థ అంతా ఓపిగ్గా విన్నాడు. ఆ తర్వాత అసలు సంగతికొచ్చాడు. కోదండం కనుమలో పోరాడాడని ఎన్నిక సభలో చెబితే చాలన్నాడు.

"బుచ్చన్న పెళ్లాం మంగమ్మ సభకి వస్తుంది" అన్నాడు ఐలయ్య. "ఆమె ముందు ఆ మాట ఎలా చెప్పను?"

"బుచ్చన్నకి ఇప్పుడు నీళ్లు అక్కర్లేదు మామా. సైదులుకి కావాలి."

ఐలయ్య ఎవరినీ సలహా అడగలేదు. అడిగితే సైదులు ఒప్పుకోడని తెలుసు.

సభ నాడు ఐలయ్య కుంటుకుంటూ ముందుకొచ్చి, కోదండం పోరాడాడని చెప్పాడు. అంతటితో వెనక్కి వెళ్లిపోదామనుకున్నాడు. గుర్నాథం వెళ్లనివ్వలేదు.

"నువ్వు పడిపోయాక కనుమలో నిలబడింది ఎవరు మామా?"

"కోదండం."

"పక్కన ఇంకెవరున్నారు?"

గుంపు చివర మంగమ్మ పిల్లలతో కూర్చుని ఉంది. ఐలయ్య అటు చూసి, చూపు తిప్పుకుని, సైదులు వైపు చూశాడు.

"ఎవరూ లేరు. ఒక్కడే అందర్నీ తరిమాడు."

మంగమ్మ లేచి పిల్లల్ని తోలుకుని వెళ్లిపోయింది. సైదులు ఆ రోజు ఐలయ్య తోడు లేకుండా, చెట్టూ పుట్టా తడుముకుంటూ వాలుకి చేరాడు.

కోదండం గెలిచాడు. ఎండలు మొదలవగానే కుంటివాళ్లంతా ఊటబీడుకి వెళితే, గుర్నాథం అనుచరులు అడ్డం పడ్డారు. ఐలయ్య కోదండాన్ని కలిశాడు. కోదండం కోప్పడలేదు, కూర్చోబెట్టి మర్యాదగానే మాట్లాడాడు.

"పోరాడినవాళ్లకి ఇస్తానన్నాను ఐలయ్యా, మాట తప్పను. కానీ నేనొక్కణ్ణే నిలబడ్డానని నువ్వే కదా సభలో చెప్పావు. మరి వీళ్లంతా ఏం చేశారని అడవి అడిగితే నన్నేం చెప్పమంటావు?"

ఆ మాట గుర్నాథం చెప్పించినదేనన్నాడు ఐలయ్య. అలాగైతే మళ్లీ సభ పెట్టిస్తాను, అక్కడే చెప్పుకోమన్నాడు కోదండం. ఐలయ్య చెప్పుకున్నాడు. బుచ్చన్న ఎలా నిలబడ్డాడో, ఎలా పోయాడో పూసగుచ్చినట్టు చెప్పాడు. అప్పుడు గడ్డి కోసం అబద్ధమాడినవాడు ఇప్పుడు మాత్రం గడ్డి కోసం ఆడడా అని ఎవరో అన్నారు. ఆ తర్వాత ఎవరూ వినలేదు.

చివరికి మంగమ్మ దగ్గరికి వెళ్లి, సాక్ష్యం చెప్పమని బతిమాలాడు.

"ఆ రోజు కనుమలో నేను లేను అన్నా" అందామె. "మా ఆయన నిలబడ్డాడని నాకు చెప్పింది నువ్వే. లేడని చెప్పిందీ నువ్వే. నేను సాక్ష్యం ఎక్కణ్ణుంచి తేను?"

ఊటబీడులో కోదండం ఒక్కడే మేశాడు. యుద్ధం చేసినవాడు కాబట్టి ఎవరూ తప్పు పట్టలేదు.

వాలున నీటి చెమ్మ పూర్తిగా ఆరిపోయాక కుంటివాళ్లు ఏటికి బయల్దేరారు. ఐలయ్య తోక పట్టుకుని సైదులు నడిచాడు. సగం దారిలో మోకాళ్ల మీద కూలబడ్డాడు.

"వచ్చేశామా అన్నా?"

వచ్చేశామని చెబితే ఆ నిమిషానికి కాస్త ఊరట దొరికేది. ఐలయ్యకి నోరు రాలేదు.

"లేదు సైదులూ. ఇంకా చాలా దూరం ఉంది."

సైదులు సరేనన్నట్టు తలాడించి, ఆ తలని నేల మీద ఆనించాడు. మళ్లీ ఎత్తలేదు. మిగతావాళ్లు కాసేపు నిలబడి చూసి ముందుకు కదిలారు. ఐలయ్య అక్కడే కూర్చుండిపోయాడు.

చనిపోయినవాడి పేరు బేరానికి పెడితే, బతికున్నవాళ్ల పేర్లూ అందులోనే పోతాయి.