బొమ్మ చేతిలో కమాను

నాకు అపస్వరం అంటే భయం పట్టుకుంది. నా బాధంతా అక్కడ మొదలైంది.

కంప్యూటర్లో ఒక లోకం ఉంది. అందులో మనుషులు ఎవరింట్లో వాళ్ళు కూర్చునే, బొమ్మల రూపంలో తిరుగుతారు. కబుర్లు రాసుకుంటారు, సభలు పెట్టుకుంటారు. ప్రతి ఆదివారం సాయంత్రం ఆరింటికి అందులో ఒక మండపంలో నా ఫిడేలు కచేరీ. విశాఖపట్నంలో నా గదిలో, ప్లాస్టిక్ కుర్చీలో, బనీను లుంగీతో కూర్చుని నేను మైకు ముందు వాయిస్తే, అక్కడ పట్టు లాల్చీ వేసుకున్న ఆరడుగుల బొమ్మ వాయిస్తున్నట్టు కనబడుతుంది. నాకు బట్టతల. బొమ్మకి భుజాల దాకా జుట్టు పెట్టాను. పెట్టేది మనమేగా, పిసినారితనం దేనికి!

అరవైమంది దాకా వచ్చేవాళ్ళు. మొదటి వరసలో ఎప్పుడూ పారిజాతంగారి బొమ్మ ఉండేది. తను మంచం దిగలేనని, ఒక్క వేలితోనే అక్షరాలు కొడతానని ఆవిడే ఒకసారి రాశారు. "బాగుంది" అని రాయడానికి కూడా ఆవిడకి అరనిమిషం పట్టేది.

ఒక ఆదివారం కాంభోజి రాగంలో నా వేలు జారింది. ఎవరో పగలబడి నవ్వే ముఖం బొమ్మ ఒకటి పెట్టారు. ఒక్కటంటే ఒక్కటే! తల కొట్టేసినట్టయింది. ఆ వారమంతా నాకు అన్నం సయించలేదు.

తర్వాతి శనివారం కచేరీ మొత్తం ముందే వాయించి రికార్డు చేశాను. ఒక్కో కీర్తన పదకొండేసిసార్లు వాయించి, మంచివి ఏరి అతికాను. దగ్గు, కుర్చీ కిర్రుమన్న చప్పుడు, మధ్యమధ్య శ్రుతి చేసుకున్న చోట్లు, అన్నీ కత్తిరించేశాను. ఆదివారం దాన్నే పెట్టి, ప్రత్యక్ష కచేరీ అని బోర్డు కట్టి, పక్కన కూర్చుని టీ తాగాను. ఒకటే మెచ్చుకోళ్ళు. ఇలా నాలుగు వారాలు నడిపాను.

కళ్ళు నెత్తికెక్కాయి. మా గురువుగారికి చూపించాలనిపించింది.

కామేశమ్మగారిది విజయనగరం. డెబ్బై నాలుగేళ్ళ మనిషి. పన్నెండేళ్ళు నాకు ఫిడేలు చెప్పారు, ఆ పన్నెండేళ్ళలో ఒక్కసారీ భేష్ అనలేదు. వేళ్ళ కీళ్ళు వాచిన దగ్గర్నుంచి కచేరీలు మానేశారు. పాత ల్యాప్‌టాప్ ఒకటి పట్టుకెళ్ళి, లోపలికి ఎలా రావాలో నేర్పి, ఆవిడకీ ఒక బొమ్మ తయారుచేశాను.

"అమ్మగారూ, పట్టుచీర కట్టమంటారా? మెడలో హారం?"

"నేతచీర ఉందేమో చూడు. చేతికో సంచి ఇయ్యి. ఉత్తచేతులతో నాకు తోచదు."

సంచి దొరికింది. ఆ తర్వాత నా బొమ్మని చూపించాను. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూశారు.

"నువ్విక్కడ నా పక్కన ఉన్నావు. అది వాయించేస్తోందేమిట్రా?"

"దానికి నాతో పనిలేదండీ. నేను వాయించినా మానినా దాని చెయ్యి ఆడుతూనే ఉంటుంది."

"ఊఁ" అన్నారు.

ఆ ఆదివారం మధ్యాహ్నం నుంచీ వాన. ఆరింటికి రికార్డు పెట్టాను. రెండో వరసలో సంచి పట్టుకున్న బొమ్మ వచ్చి కూర్చుంది. అంతా సాఫీగా సాగుతోంది. మోహన రాగంలో కీర్తన అయిపోయి తర్వాతిది మొదలయ్యాక, తెర మీద పారిజాతంగారి మాటలు వచ్చాయి.

"ఆ మోహనం మళ్ళీ ఒక్కసారి వాయిస్తారా? కొంచెం నిదానంగా. నాకు అందడం లేదు."

నా చేతిలో టీ గ్లాసు ఉంది. ఫిడేలు పెట్టెలో ఉంది. రికార్డు ఆపి ఫిడేలు తీస్తే సరిపోయేది. కానీ అతికిన వాయింపుకీ నా వాయింపుకీ తేడా పట్టేస్తారేమోనని కదల్లేదు. రికార్డు తన దారిన తను పోయింది.

కాసేపటికి ఇంకో మాట వచ్చింది. "పర్లేదండీ. మీరు చూసుకోలేదేమో."

ఆ టీ తీసుకెళ్ళి పారబోశాను.

మర్నాడు పొద్దున్నే బస్సెక్కి విజయనగరం వెళ్ళాను. కామేశమ్మగారు చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్నారు.

"ఎలా ఉందండీ అమ్మగారూ?"

"ఒక్క తప్పు లేదు" అన్నారు.

పన్నెండేళ్ళుగా ఎదురుచూసిన మాట. ఎందుకో సంతోషం కలగలేదు.

"నిన్న ఇక్కడ ఒకటే వాన. మీ ఊళ్ళోనో?"

"అక్కడా కుండపోతేనండీ."

"గంటసేపు వాయించావు. ఒక్కసారీ శ్రుతి చూసుకోలేదేం?"

వాన గాలికి ఫిడేలు తీగలు శ్రుతి దిగిపోతాయని ఆవిడే నాకు చెప్పారు, మొదటి నెలలోనే.

"కొత్త తీగలండీ" అన్నాను.

కొత్త తీగ మరీ తొందరగా దిగుతుందని నేర్పిన గురువుగారి ముందే కూర్చుని, కళ్ళలోకి చూడకుండా, అంత మాట అన్నాను. ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్ళు చచ్చిపోతుంది. ఆవిడ తిడితే కాళ్ళ మీద పడి అంతా చెప్పేసేవాణ్ణి. ఆవిడ తిట్టలేదు.

"అలాగా" అని ఇంకో కాయ తీసుకున్నారు. "వచ్చే ఆదివారం నేను వాయిస్తానురా. నీ బొమ్మలో."

"మీరా! మీకు వేరే బొమ్మ ఉందిగా అమ్మగారూ."

"దాని చేతిలో సంచి ఉంది. ఫిడేలు ఎలా పట్టుకుంటుంది?"

కాదనలేకపోయాను. కానీ దారి పొడుగునా నా ఏడుపల్లా ఒకటే. ఆవిడ వాచిన వేళ్ళ తప్పులన్నీ నా పేరు మీద పడతాయే అని! విద్య చెప్పిన మనిషి గురించి బస్సులో కూర్చుని నేను ఆలోచించింది అదీ. అంత నీచానికి దిగాను.

ఆదివారం ఆవిడ ఇంట్లోనే మైకు పెట్టాను. ఆరు కొట్టింది. ఆవిడ ఫిడేలు తీసి, బిరడాలు తిప్పుతూ ఒక్కొక్క తీగే బిగించడం మొదలుపెట్టారు.

"శ్రుతి అయ్యేదాకా మైకు ఆపుతానండీ" అని గుసగుసగా అన్నాను.

"ఉండనీ."

తెర మీద నా బొమ్మ జుట్టు ఊపుకుంటూ కమాను లాగేస్తోంది. వినబడేదేమో బిరడాల కిర్రు, టుంయ్ టుంయ్. సౌండు పోయిందా అని ఒకరు రాశారు. ఏమైంది సార్ అని ఇంకొకరు. మూడు నిమిషాలయ్యేసరికి పదిహేనుమంది లేచిపోయారు.

ఆవిడ వాయించడం మొదలుపెట్టారు. రెండో కీర్తనలో వాచిన వేలు ఒకచోట అందుకోలేకపోయింది. వెంటనే కాకపోయినా వచ్చింది, ఆ నవ్వే ముఖం. మన చప్పుడు వాళ్ళకి చేరడానికి ఇరవై సెకన్లు పడుతుంది.

"ఆ పసుపు ముఖం ఏమిట్రా?"

"నవ్వుతున్నారండీ."

"అయితే వింటున్నారన్నమాట" అని కీర్తన పూర్తిచేశారు. తర్వాత మైకు దగ్గరికి వంగి అడిగారు. "మోహనం అడిగిన అమ్మాయి ఉందా?"

ఆరడుగుల పట్టు లాల్చీ బొమ్మలోంచి ముసలావిడ గొంతు. సభంతా బిత్తరపోయి ఉంటుంది. నేను మాత్రం పారిజాతంగారి వైపే చూస్తున్నాను. ఇరవై సెకన్లు, ఆ మీద ఒక్క వేలి అరనిమిషం.

"ఉన్నానండీ" అని వచ్చింది. చదివి చెప్పాను.

కామేశమ్మగారు మోహనం ఎత్తుకున్నారు. ఎంత నిదానమంటే, నడక రాని పిల్లని చెయ్యి పట్టుకుని గుమ్మం దాటిస్తున్నట్టు. ఒక్కో స్వరం దగ్గరా ఆగి, వచ్చావా అని చూసుకుని, ముందుకి. నా పరువు సంగతి కాసేపు మర్చిపోయాను.

అనుపల్లవిలో ఠప్పున తీగ తెగింది.

"ఉండమ్మా, తీగ తెగింది" అని మైకులో చెప్పి, పెట్టెలోంచి కొత్త తీగ తీశారు. ఆ వేళ్ళకి అది ఒక పట్టాన లొంగదు. అక్కడ మండపంలో బొమ్మ కమాను మాత్రం ఆగలేదు. చప్పుడు లేదు, తీగ లేదు, అది చిరునవ్వు నవ్వుతూ లాగుతూనే ఉంది. మిగిలినవాళ్ళందరూ దాన్ని చూస్తున్నారు. నేలలోకి కుంగిపోవాలనిపించింది.

పారిజాతంగారి మాటలు వచ్చాయి.

చదివాను. ఇంకోసారి చదివాను.

"ఏం రాసింది?" తీగ ముడి మీంచి తలెత్తకుండా అడిగారు కామేశమ్మగారు.

"మెల్లిగా కట్టుకోమన్నారండీ."

"అంత చిన్న ముక్కకి అంతసేపు చూస్తున్నావా?"

మైకు తెరిచే ఉంది.

"చదవరా."

చదివాను. "మెల్లిగా కట్టుకోండమ్మా. ఐదు వారాల తర్వాత ఇవాళ ఎవరో ఉన్నారు."

పారిజాతంగారికి తెలుసు. మొదట్నుంచీ తెలుసు. తెలిసే వారం వారం వచ్చి మొదటి వరసలో కూర్చున్నారు. నిదానంగా వాయించమని అడిగింది తెలిసే. చూసుకోలేదేమో అని నాకు తప్పించుకునే దారి ఇచ్చింది కూడా తెలిసే.

మైకు దగ్గరికి జరిగాను.

"పారిజాతంగారూ, నేను జోగేశ్వర్రావునండీ. ఈ బొమ్మ నాది. ఐదు వారాలు మీరందరూ విన్నది రికార్డు. మీరు మోహనం అడిగినప్పుడు నేను చూశాను. చూసి కూడా టీ గ్లాసు పట్టుకుని కూర్చున్నాను."

ఆ మాట వెళ్ళి చేరడానికి ఇరవై సెకన్లు. తెర వైపే కళ్ళప్పగించి కూర్చున్నాను. ఒక బొమ్మ లేచి వెళ్ళిపోయింది. ఇంకొకటి వెళ్ళింది. మొదటి వరసలో బొమ్మ కదల్లేదు. ఆవిడ ఏదో రాస్తున్నట్టు చుక్కలు కనబడుతున్నాయి.

కామేశమ్మగారు తీగ కట్టడం ముగించి, ఫిడేలు తెచ్చి నా ఒళ్ళో పెట్టారు.

"అనుపల్లవి దగ్గరుంది" అన్నారు.

కమాను అందుకున్నానే గాని, చూపు ఆ చుక్కల మీంచి మళ్ళలేదు. పారిజాతంగారు ఏమంటారో చూస్తే గాని నాకు ఊపిరి ఆడేలా లేదు.

కామేశమ్మగారు దండెం మీంచి తువ్వాలు తీసుకొచ్చి తెర మీద కప్పేశారు.

"కొత్త తీగ" అన్నారు. "శ్రుతి చేసుకో."