రోలుకు అతికిన కమ్మ

రోళ్లకు గాట్లు పెట్టి కూడబెట్టిన డబ్బుతో గురవమ్మ, ఆస్థాన నగల వర్తకుడు వరహాలయ్య దగ్గర ఎర్రరాళ్ల కమ్మలు కొంది. ఆయన రాళ్లతో సహా తూచి, మొత్తానికీ బంగారం ధరే కట్టాడు.

“రాళ్ల బరువు తీసెయ్యరా అయ్యా?”

“మేలిమిని అంటుకున్నాక రాయి కూడా మేలిమేనమ్మా,” అన్నాడాయన, కొట్టునిండా జనం వింటుండగా.

మర్నాడు గురవమ్మ ఓ పెద్ద రోలు దొర్లించుకొచ్చింది. దాని అంచుకు ఒక కమ్మ లక్కతో అతికించి ఉంది.

“అమ్మేస్తానయ్యా, తూచండి.”

“రాతికి బంగారం ధర ఎవడిస్తాడే?” అని వరహాలయ్య మండిపడ్డాడు.

గురవమ్మ రెండో కమ్మ ఆయన చేతిలో పెట్టింది. “అయితే ఇందులో రాళ్లు తీసి తూచండి.”

కొట్టులోని ఆడవాళ్లంతా ఆయన దగ్గరే కొన్న రాళ్ల హారాలు మెళ్లోంచి విప్పారు. వరహాలయ్యకు ఆ రోజంతా రాళ్లు ఊడదీయడంతోనే సరిపోయింది.