సకిలించిన కొయ్యగుర్రం

రాకుమారి మూడో పుట్టినరోజుకి దివాను గారు ఎక్కడో దూరదేశం నుంచి ఇత్తడి చిలకను తెప్పించారు. తాళం తిప్పితే చాలు, అఆలు గడగడా వల్లించేస్తుంది. బొమ్మలు చెక్కే కోటాచారి తెచ్చింది మాత్రం ఓ చిన్న కొయ్యగుర్రం.

"ఇది కనీసం సకిలిస్తుందా?" అన్నారు దివాను గారు మూతి విరిచి.

కోటాచారికి ఒళ్ళు మండింది. "ఎందుకు సకిలించదు బాబూ? పాప చేతిలో పెట్టి చూడండి."

"సకిలించకపోతే నీ బొమ్మలు మళ్ళీ కోట గుమ్మం తొక్కకూడదు!"

రాజుగారు సరేనన్నారు.

చిలక మూడోసారి వల్లించేసరికి రాకుమారి ఆవలించింది. గుర్రాన్ని చంకనెత్తుకుని సభంతా తిరిగింది. దివాను గారి తలపాగా కుచ్చు పీకి దానికి మేత పెట్టింది. అది తినలేదు.

"పాపం, దీనికి నోరు నొప్పి. నువ్వు ఇహిహీ అను తాతా!" అంది దివాను గారితో.

ఆయన కుచ్చు ఊడిన తలపాగా సర్దుకున్నారు. పాప ఏడుపు లంకించుకోబోయింది. రాజుగారు ఉరిమి చూశారు.

"ఇహిహీ!" అన్నారు దివాను గారు.

"ఇంకా గట్టిగా!"

"ఇహిహిహిహీ!"

గుర్రపుసాలలో గుర్రాలన్నీ బదులు పలికాయి.

కోటాచారి చేతులు కట్టుకుని, "సకిలిస్తుందన్నానా లేదా ప్రభూ? చిలక్కయితే మనం తాళం తిప్పాలి. నా గుర్రం దివాను గారికే తాళం తిప్పింది!" అన్నాడు.