మెరుపు వెనుక ఉరుము

పూర్వకాలాన వింధ్యాచలానికి దక్షిణాన మణిప్రస్థాన్ని ధర్మవర్తనుడైన చిత్రాయుధ మహారాజు ఏలుతుండగా, ఆ రాజ్యపు కొండకొమ్మున పర్ణశాల కట్టుకొన్న ఋతంభర అనే విదుషీమణి, మేఘాలు కమ్మిన ప్రతిసారీ ఆరుబయట నిలిచి, జడివానలో తడిసి ముద్దవుతూ, రెప్పవాల్చక ఆకాశాన్నే చూస్తుండేది. ఒకే పిడుగుకు పుట్టిన కవలలు కదా, మెరుపు ముందేమి, ఉరుము వెనకేమి? ఈ ఒక్క సందేహం ఆమెను నిలువనిచ్చేది కాదు. మెరవగానే మణికట్టుపై వేలుంచి, ఉరుము వినబడేదాకా తన నాడి కొట్టుకోవడాన్ని లెక్కించేది. కాని ఆ పిచ్చితల్లికి మెరుపు కనబడితే చాలు, ఆనందంతో గుండె పరుగులెత్తేది. దానితోపాటు లెక్కా తప్పేది.

ఆమె దీక్షాతేజం స్వర్గాన్ని తాకింది. భూలోకంలో ఎవరు కన్నార్పక నిలబడినా తన సింహాసనం కోసమేనని బెంబేలెత్తడం సహస్రాక్షుడైన దేవేంద్రునికి అలవాటే కదా! వేయి కన్నులున్న ఆ ప్రభువుకు ఎదుటివారి మనసు మాత్రం కనబడదు. వెంటనే తపోభంగానికి మంజులేఖ అనే అప్సరసను పంపాడు.

ఆమె అందెలు ఘల్లుమనగానే ఋతంభర ఎగిరి గంతేసింది.

“తల్లీ, ఎంత నిలకడైన తాళం! ఇన్నాళ్ళూ నేను వెతికిన కొలత నీ పాదాల్లో ఉంది. మెరిసింది మొదలు ఉరిమేదాకా కాస్త అడుగులు వేసిపెడుదువూ!”

మోహింపజేయవచ్చిన అప్సరస ఆ ఉత్సాహానికి తానే ముగ్ధురాలై, చెప్పినట్టే ఆడసాగింది.

ఇది తెలిసిన ఇంద్రుడు నిప్పులు కక్కుతూ మేఘాలన్నిటినీ వెనక్కు పిలిచాడు. మణిప్రస్థంలో చేలు నెర్రెలిచ్చాయి, పశువులు డొక్కలెండి కూలాయి. చిత్రాయుధుడు కాలినడకన కొండెక్కి, “అమ్మా, పండితులకిచ్చే మేటి గౌరవమైన గండపెండేరాన్ని నీ కాలికి నా చేతులతో తొడగాలనుకున్నాను. ఇప్పుడేమో, నీ దీక్షకే ఇంద్రుడు అలిగాడని పురోహితులు చెప్పగా, దాన్ని మానుకోమని వేడుకోవలసి వచ్చింది. బిడ్డలు గుక్కెడు నీళ్ళకు ఏడుస్తున్నారు” అని కన్నీరు పెట్టుకున్నాడు.

ఋతంభర మనసు విలవిల్లాడింది. “ఆ బిడ్డల దాహంకంటే నా సందేహం పెద్దది కాదు మహారాజా” అని, ఆకాశంవైపు చేతులు జోడించి, “దేవరాజా! ఇకపై తలెత్తి చూడను, వాన కురిపించు” అంటూ కళ్ళకు గంతలు కట్టుకొంది.

అది చూసి దేవగురువైన బృహస్పతి నిలదీశాడు. “శచీపతీ, ఆమెకేం కావాలో ఒక్కమాటైనా అడిగావా?”

ఇంద్రుడు ఐరావతమెక్కి కొండపై దిగి, “సాధ్వీ, నీకు నా సింహాసనమే కదా కావాలి?” అన్నాడు.

“దాన్ని నేనేం చేసుకోను స్వామీ? మెరుపు వెనుక ఉరుము ఎందుకు ఆలస్యమవుతుందో చెప్పండి, చాలు!”

వజ్రపాణి తన చేతిలోని ఆయుధాన్ని ఎగాదిగా చూసుకున్నాడు. యుగయుగాలుగా వజ్రాన్ని విసురుతున్నాడే గాని, ఆ సంగతి ఏనాడూ ఆలోచించలేదు. “నాకూ తెలియదు” అన్నాడు మెల్లగా. వెంటనే కుతూహలం ఆపుకోలేక, “చూద్దామా?” అన్నాడు.

ఆమె గంతలు విప్పింది. మేఘాలు ముంచుకొచ్చాయి. ఇంద్రుడు దగ్గరి శిఖరంపై వజ్రం విసిరాడు. మంజులేఖ అడుగు పడీపడకముందే ఉరిమింది. దూరపు శిఖరంపై విసిరాడు. ఆమె జతి ముగించి మరొకటి ఎత్తుకున్నాక గాని ఉరుము చేరలేదు.

“దొరికింది!” ఋతంభర చప్పట్లు కొట్టింది. “రెండూ కలిసే బయలుదేరుతున్నాయి స్వామీ! వెలుగు పరుగెత్తి వస్తుంది, శబ్దం నడిచి వస్తుంది. దూరం పెరిగేకొద్దీ నడిచేది వెనుకబడుతుంది!”

“ఇంకొక్కసారి!” అంటూ దేవేంద్రుడు పసివాడిలా మళ్ళీ వజ్రమెత్తాడు. కుండపోతగా వాన కురిసి, మణిప్రస్థం వాగులన్నీ పొంగి పారాయి.

నిండు సభలో చిత్రాయుధుడు గండపెండేరం తొడగగా, ఇంద్రుడు పారిజాతమాల వేసి, వరం కోరుకోమన్నాడు. “వానలు ఏటా వేళకు కురవాలి స్వామీ. నాకంటారా, తెలియనిది ఎప్పుడూ ఇంకొంచెం మిగిలి ఉండాలి” అన్నది ఋతంభర. “తథాస్తు” అన్నాడు మేఘవాహనుడు.

అంతలో పడమటి దిక్కున మెరిసింది. గండపెండేరం ఘల్లుమంటుండగా ఋతంభర సభలోంచి బయటికి పరుగెత్తింది. ఆమె వెనుకే, కిరీటం జారుతున్నా చూసుకోక, దేవేంద్రుడు కూడా. ఈ కథ విన్నవారికి వానకూ, వింత చూసే కంటికీ ఏనాడూ కరువు రాకుండుగాక.