పుల్లమ్మ చుట్టాలు

దిక్కులేని ముసలివాళ్ళకు సత్రం నడిపే పుల్లమ్మ, చలికాలానికి కంబళ్ళు కూడబెట్టాలని ఏటా ఆశ్వయుజంలో ఒంటరిగా ఊరంతా తిరిగేది. ఆ ఏడు జమీందారు రాయపరాజు ఆమెను చూసి నవ్వాడు.

"నీకెంతమంది చుట్టాలుంటే అన్ని కంబళ్ళిస్తాను."

ఆమెకు నా అన్నవాళ్ళు లేరని ఊరందరికీ తెలుసు.

"నలభైమంది, దొరా," అంది పుల్లమ్మ.

"సత్రంలో వాళ్ళా? వాళ్ళు నీకేమవుతారు?"

"కొరివి పెట్టినవాడే అసలు చుట్టమని పోయినేడు ఆస్తి తగవులో తమరే తీర్పు చెప్పారు. సత్రంలో ఎవరు పోయినా కొరివి పెట్టేది నేనే."

నలుగురిలో మాట తప్పలేక రాయపరాజు నలభై కంబళ్ళూ బండికెత్తించాడు. బండి కదిలేముందు మెల్లగా అడిగాడు.

"పుల్లమ్మా, మరి నీకు కొరివి పెట్టేదెవరు?"

పుల్లమ్మ కంబళ్ళు సర్దుకుని, బండి తోలుకుంటూ వెళ్ళిపోయింది.