ఎండిన వాగుకు ఇరవై ప్రకటనలు

చింతలకోన అడవిలో దుప్పులు, నెమళ్లు, ముళ్లపందులు, నక్కలు ఉండేవి. అందరి దగ్గరా ఫోన్లు ఉండేవి. ఏ వార్త కావాలన్నా ఫోనులోనే చూసుకునేవారు.

ఒక ఏడు ఎండలు మండిపోయాయి. వాగులు ఒక్కొక్కటే ఇంకిపోయాయి. నీళ్లు ఎక్కడున్నాయో చెప్పడానికి ఇద్దరు వెబ్‌సైట్లు పెట్టారు. ఒకటి సింగారం అనే నెమలిది. రెండోది ఈరమ్మ అనే ముళ్లపందిది.

ఈరమ్మ పొద్దున్నే నడిచి వెళ్లి, మడుగులో నీళ్లు కళ్లారా చూసి, ఎంత లోతున్నాయో రాసేది. సింగారం చెట్టు దిగేవాడు కాదు. తోచింది రాసేవాడు. ఇద్దరి సైట్లనూ చూసేవాళ్లు తక్కువే. ఈరమ్మ దానికి బాధపడలేదు. సింగారానికి మాత్రం తల కొట్టేసినట్టుండేది.

ఒకరోజు అతనికి ఒక సంగతి తెలిసింది. ప్రకటనలను ఉచితంగా వేసే సైట్లు ఉన్నాయట. ఎవరైనా సరే, వార్తలా నాలుగు ముక్కలు రాసి, చివర తమ సైట్ చిరునామా పెట్టి పంపితే చాలు, వేసేస్తారట. ఒక్క ప్రశ్న కూడా అడగరట. చదివినవాళ్లు ఆ చిరునామా నొక్కి లోపలికి వస్తారు.

సింగారం వెంటనే కూర్చుని రాసి, ఒక సైట్‌కు పంపాడు.

"శుభవార్త! పెద్దరాళ్ల వాగు నిండుగా పారుతోంది! కనిపెట్టింది మన సింగారమే. నమ్మకమైన నీటి సమాచారానికి సింగారం సైట్ చూడండి!"

ఈరమ్మ అది చదివి నెమలి చెట్టు కిందికి వచ్చింది.

"పెద్దరాళ్ల వాగు చూసొచ్చావా సింగారం?" అని అడిగింది.

"పోయినేడు నిండుగానే ఉంది కదా."

"నేనడిగేది ఈ ఏటి సంగతి."

"రెండు రోజుల దారి! అంత దూరం ఎవరు పోతారు? నా సైట్‌లోకి జనం రావాలి, వస్తున్నారు. ఒక్క పూటలో ఆరు వందల మంది! నీకు కుళ్లుగా ఉన్నట్టుంది."

"దాహంతో అల్లాడుతున్నవాళ్లు చదువుతున్నారయ్యా అది. తీసెయ్."

సింగారం తీసెయ్యలేదు. అదే ప్రకటనను మొత్తం ఇరవై సైట్లలో వేయించి, పింఛం విప్పుకుని కూర్చున్నాడు.

ఆ అడవిలో కొండమ్మ అనే దుప్పి, ఆమె అక్క సుంకులమ్మ ఒక మందతో ఉండేవారు. కొండమ్మకు ఆ ప్రకటన మీద అనుమానం వచ్చింది. "ఇరవై చోట్ల ఒకే మాట రాశారంటే నిజమే అయ్యుంటుందిలేవే," అంది అక్క. మంద బయలుదేరింది.

వాళ్లు వెళ్లిన సంగతి ఈరమ్మకు తెలియదు. 'ఆ సైట్లు నాకూ ఉచితమే కదా' అనుకుంది. ఏనుగుబండ మడుగుకు వెళ్లి చూసి, తనూ ఒక ప్రకటన పంపింది.

"ఈ రోజు పొద్దున ఏనుగుబండ మడుగులో మోకాలి లోతు నీళ్లున్నాయి. నేను దిగి చూశాను. పెద్దరాళ్ల వాగును మాత్రం ఎవరూ చూసి రాలేదు, దాన్ని నమ్ముకుని వెళ్లకండి. అనుమానముంటే నాకు ఫోన్ చెయ్యండి. - ముళ్లపంది ఈరమ్మ."

అప్పటికే దుప్పులు రెండు రోజులు నడిచి పెద్దరాళ్ల వాగు చేరాయి. వాగులో ఇసుక తప్ప ఏమీ లేదు. సుంకులమ్మ గిట్టలతో తవ్వింది. ఎంత తవ్వినా తడి తగల్లేదు. ఆ గుంటలోనే కూలబడింది.

కొండమ్మ ఫోను తీసి వెతికితే ఈరమ్మ ప్రకటన కనిపించింది. ఏనుగుబండ అక్కడికి పూట దూరమే.

"లే అక్కా! నీళ్లున్నాయి, లే!"

సుంకులమ్మ లేవలేదు. ఇక ఎప్పటికీ లేవలేదు.

మిగిలిన మంద ఏనుగుబండకు వెళ్లి ప్రాణం నిలుపుకుంది. కొండమ్మ నాలుగు గుక్కలు తాగి, తిన్నగా నెమలి చెట్టు దగ్గరికి వచ్చింది. ప్రకటనల సైట్లలో ఒకదాన్ని నడిపే గంగులు అనే నక్క కూడా అక్కడే ఉంది.

"కిందికి దిగు!" అని అరిచింది కొండమ్మ.

"నా మీద కోపమెందుకు? వేసింది సైట్లవాళ్లు," అన్నాడు సింగారం.

"మేం చదవం. పంపింది వేస్తాం, అంతే," అన్నాడు గంగులు. "ఉచితంగా చేసే పనికి ఇంత రాద్ధాంతమా?"

కొండమ్మ గంగులు వైపు తిరిగింది.

"ఉచితమా? మా అక్క నోట్లో ఇసుకతో చచ్చిపోయింది! అది ఉచితమా? నువ్వు చూడకుండా రాశావు. నువ్వు చదవకుండా వేశావు. నమ్మి నడిచింది మేము!"

సింగారం తల దించుకుని, "తీయించేస్తాలే," అన్నాడు.

గంగులు తన సైట్ నుంచి తీసేశాడు. మిగతా పందొమ్మిది సైట్లు సింగారానికి జవాబైనా ఇవ్వలేదు. ఫోనులో సింగారం పేరు కొడితే చాలు, మొదట ఆ ప్రకటనే వచ్చేది. ప్రతి దాని కిందా కొండమ్మ రాసింది: "ఈ వాగులో చుక్క నీరు లేదు. మా అక్క ఇక్కడే చనిపోయింది."

సింగారం సైట్ మొహం మళ్లీ ఎవరూ చూడలేదు. గంగులు సైట్‌లో ఏం వేసినా ఎవరూ నమ్మలేదు. దుప్పులు మాత్రం తలా ఒక మడుగూ చూసొచ్చి ఈరమ్మకు చెప్పసాగాయి. వానలు పడేదాకా అడవి అడవంతా ఆమె సైట్ చూసే బతికింది.

చివరికి సింగారానికీ గొంతు ఎండింది. ఈరమ్మ సైట్ చూసుకుని ఏనుగుబండకు వచ్చాడు. ఒడ్డున కొండమ్మ నిలబడి ఉంది.

"కొండమ్మా, నన్ను..." అని మొదలుపెట్టాడు.

"తాగు. నీళ్లు వద్దనను," అంది కొండమ్మ. "నాతో మాత్రం మాట్లాడకు."

సింగారం వంగి తాగాడు. కొండమ్మ అతని వైపు తిరిగి చూడకుండా వెళ్లిపోయింది.

నీతి: ప్రకటన ఉచితంగా వేయించుకోవచ్చు గానీ, అందులోని అబద్ధానికి నమ్మినవాళ్లు బలైపోతారు; అందుకే కళ్లారా చూసిందే నలుగురికీ చాటాలి.