నూకాలమ్మ సొంతిల్లు

కాకినాడ తెలివంతా తమ అద్దింట్లోనే ఉందని నూకాలమ్మకీ, ఆవిడ కొడుకులు గవర్రాజుకీ అబ్బులుకీ గట్టి నమ్మకం. అందులో ఒక్క చుక్క కూడా వాళ్ళు బయటికి రానిచ్చేవారు కాదు. కాస్త చెవుడున్న నూకాలమ్మకి ఒకటే దిగులు. "చచ్చేలోగా సొంతింట్లో పడుకోవాల్రా" అని రోజూ ఏడ్చేది.

పెద్దాడు గవర్రాజు చిలక బొమ్మలు వేసేవాడు. కింద 'చిలక' అని రాస్తే తప్ప తెలిసేది కాదు. టౌనుహాల్లో బొమ్మల పోటీ పెట్టారని తెలిసి, ఒక చిలకని డ్రాయింగు మాస్టారికి చూపించాడు. ఆయన నుదురు కొట్టుకున్నాడు.

"ఇంకా చిలకలేంటయ్యా? ఇప్పుడంతా మోడరన్ ఆర్టు. మీ ఇంట్లో, వీధిలో రోజూ జరిగేదే కాన్వాసు మీదికి తీసుకురా!"

అంతే! కాన్వాసు గుడ్డ వంటింట్లో పరిచారు. నూకాలమ్మ దానిమీదే పెసరట్టు పోసింది. అబ్బులు దానిమీదే పళ్ళు తోముకుని ఉమ్మేశాడు. ఆపైన మిక్సీ మూత తీసి టమాటా పచ్చడి తిప్పారు. సగం గుడ్డ మీదా, సగం అబ్బులు మీదా పడింది.

"వీధి మిగిలిపోయింది అన్నయ్యా!"

ఇంకేముంది, తీసుకెళ్ళి మెయిన్‌రోడ్డు మీద పరిచారు. ఆటోలు తొక్కాయి, బస్సు తొక్కింది. ఒక గేదె ఆగి మరీ పేడ వేసి వెళ్ళింది.

పోటీకొచ్చిన పెద్దమనుషులు వీళ్ళకేం తీసిపోరు. బహుమతులిచ్చే ఆయన వెనక్కి జరిగి, కళ్ళు చికిలించి, పేడ దగ్గర ఆగిపోయాడు.

"ఆహా, ఏం రంగు! ఇందులో మీ ఇల్లుంది. మీ అమ్మగారున్నారు. మీరంతా ఉన్నారు!" అని మొదటి బహుమతి ఇచ్చి, దాన్ని హాల్లోనే గోడకి తగిలించాడు.

నూకాలమ్మ కళ్ళు తుడుచుకుంది. "సొంతిల్లు పెట్టుకుని ఇంకా అద్దె దండగ కదరా!"

అంతే, ఆ సాయంత్రమే తాళంచెవి ఇంటాయన చేతిలో పెట్టేశారు. ఆయన ఎన్నాళ్ళ నుంచో ఇందుకే మొక్కుకుంటున్నాడు. వీళ్ళ మనసు మారకముందే వేరేవాళ్ళని దింపేశాడు.

చాపలూ బిందెలూ రోకలీ మోసుకుని ముగ్గురూ టౌనుహాలుకొచ్చారు. గవర్రాజు కాన్వాసు మీద తట్టాడు. ఎవరూ పలకలేదు.

"లోపల గడియేసుకున్నారమ్మా!"

"మనింట్లో ఎవర్రా?"

"ఇంకెవరు, మనమే! అంతా లోపలే ఉన్నామని ఆయన చెప్పాడుగా" అన్నాడు అబ్బులు.

"అయితే నేనొచ్చి తీస్తాలే. నాకు చెవుడు కదరా, గట్టిగా కొట్టండి!"

గవర్రాజు రోకలి తీసుకుని ఒక్క పోటు పొడిచాడు. కాన్వాసు నిలువునా చిరిగింది.

"తలుపు తెరుచుకుందోయ్!"

నూకాలమ్మ దేవుడికి దణ్ణం పెట్టుకుని, కుడికాలు ముందుపెట్టి, చిరుగులోకి దూరింది. నుదురు గోడకి ఠంగుమని కొట్టుకుంది. బొప్పి రుద్దుకుంటూ కొడుకుల వైపు తిరిగింది.

"గుమ్మం కాస్త పొట్టిదిరా. అయితేనేం, మనది!"